కరగు లోహము – కాచు పూత

నెల్లూరు తీరమున మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు గల పల్లెలలో ఇనుము చిరకాలము నిలువదను మాట పిల్లలకును తెలిసినదే. ఉప్పుగాలి తగిలిన గొళ్లెము కొలది యేండ్లలో పొరలు పొరలుగా రాలిపోవును. కావున ఇనుమునకు రంగు పూయుట యిచ్చట అలంకారము గాదు, రక్షణము. మన దేహమున ప్రవహించు నెత్తురును ఒకవిధమైన ఉప్పునీరే. సముద్రజలమున నూటికి మూడున్నర పాళ్లు ఉప్పుండగా, నెత్తుటియందు ఒక పాలునకు లోపుగా నుండును. ఈ యుప్పునీటిలో నిలిపిన లోహము గతి యేమి? అది యెంతకాలము నిలువవలెను, ఎప్పుడు తొలగవలెను? ఈ ప్రశ్నల చరిత్రను పాఠకుల యెదుట నుంచుట మా యుద్దేశము.

ఈ చరిత్రకు మొదట నిలుచువాడు ఇంగ్లండు రసాయనవేత్త హంఫ్రీ డేవీ. 1808లో మెగ్నీషియమును దాని సమ్మేళనములనుండి వేఱుపఱచినవా డితడే. బ్రిటిషు నౌకల అడుగున తొడిగిన రాగిరేకులను సముద్రజలము తినివేయుచుండగా, వానికి తుత్తునాగమునో ఇనుమునో తాకించి యుంచినచో ఆ ముక్కయే కరగి రాగి నిలుచునని యాతడు 1824లో చూపెను. రాగి నిలిచెను, కాని వేఱొక చిక్కు పుట్టెను. కరగుచున్న రాగి విషమే అంతవఱకు జలచరములను దఱి చేరనీయకుండెను. అది కరగుట మానగానే నాచును, గుల్లలును దట్టముగా పట్టి ఓడల వేగమును తగ్గించెను. రక్షణము సయితము మితిమీరినచో హాని యగునని యీ కథ తెలుపుచున్నది.

ఆ మెగ్నీషియమే పిమ్మట దేహములోనికి వచ్చెను. 1878లో ఎడ్వర్డ్ హ్యూస్ అను వైద్యుడు మెగ్నీషియపు తీగెతో రక్తనాళములను బంధించి నెత్తురు నాపెను. తీగె క్రమముగా కరగిపోయెను. 1907 ప్రాంతమున బెల్జియము శస్త్రవైద్యుడు లాంబోట్ విఱిగిన కాలియెముకకు మెగ్నీషియపు పలకను, బంగారుపూత గల ఉక్కుమేకులతో బిగించెను. ఎనిమిది దినములలో పలక శిథిలమై చర్మము క్రింద వాయువు నిండెను. కారణము డేవీ చూపినదే: ఉప్పునీటిలో రెండు లోహములు తాకియున్నచో వానిలో నొకటి వేగముగా కరగును. మెగ్నీషియము కరగునపుడు ఉదజని వాయువు వెలువడును.

గుండె ధమనుల విషయమున కథ ఆలస్యముగా మొదలైనది. 1977లో ఆండ్రియాస్ గ్రుయెంట్‌జిగ్ జూరిచ్ నగరమున బెలూనుతో మూసికొనిన ధమనిని తెఱచెను. అది మరల ముడుచుకొనకుండుటకై 1986లో ప్యూల్, సిగ్వార్ట్ అను వైద్యులు లోహపు జాలిగొట్టమును నిలిపిరి. దీనినే స్టెంటు అందురు. ధమని మానుటకు కొన్ని నెలలు చాలును. లోహము మాత్రము జీవితాంతము నిలుచును. పని తీఱినపిదప తానే తొలగు స్టెంటు కావలెనను కోరిక యిట్లు పుట్టినది. పాలీలాక్టిక్ ఆమ్లముతో చేసిన 'అబ్సార్బ్' స్టెంటునకు ఐరోపాలో 2011లోను, అమెరికాలో 2016లోను అనుమతి లభించెను. కాని దాని కడ్డీలు లావైనవి. నెత్తురు గడ్డకట్టుట లోహపు స్టెంట్లకంటె నెక్కువగా కనబడుటచే 2017లో దాని విక్రయము నిలిచిపోయెను.

మెగ్నీషియమునకు బలము గలదు, ఓర్పు లేదు. ఆ యోర్పు నిచ్చునది పూత. ఫ్లోరైడు పొర, విద్యుచ్ఛక్తిచే పెంచిన ఆక్సైడు పొర, ఎముకను పోలిన కాల్షియము ఫాస్ఫేటు పొర, మందు కలిపిన పాలిమరు పొర – ఇట్లు పలు విధములు పరీక్షింపబడినవి. 2016లో ఐరోపాలో అనుమతి పొందిన 'మాగ్మారిస్' స్టెంటునకు సిరోలిమస్ అను మందుతో కూడిన పాలీలాక్టిక్ పూత గలదు. పూతకు పరీక్ష కఠినము. బెలూనుపై స్టెంటును నొక్కునపుడును, ధమనిలో విప్పునపుడును అది పగులరాదు. పగిలినచోట నీరు చొచ్చి లోహమును గుంటలుగా తినును. ధమని మానకముందే ఆధారము కూలును. ఎన్నటికిని పోని పూత యైనచో కరగు లోహమును వాడిన ప్రయోజనమే లేదు.

ఇందు మన ప్రాంతమునకు సంబంధ మెట్టిది? నెల్లూరు తీరమునకు దక్షిణపు కొసనున్న శ్రీహరికోటనుండి 1980 జులై 18న రోహిణి ఉపగ్రహమును కక్ష్య కెత్తిన ఎస్.ఎల్.వి.–3 వాహనమునకు అబ్దుల్ కలాం నాయకుడు. ఆయనయే పిమ్మట హైదరాబాదున హృద్రోగవైద్యుడు సోమరాజుతో కూడి 1998లో చౌకయైన 'కలాం–రాజు' స్టెంటును నిర్మించెను. అది కరగునది గాదు. కాని పరదేశపు వెలకు లోబడక మన లోహశాస్త్రమును మన రోగికి వినియోగింపవచ్చునని చూపినది. స్టెంట్ల వెలకు ప్రభుత్వము హద్దు విధించుటకు 2017 రావలసివచ్చెను. అప్పుడు మందు పూయని స్టెంటునకు 7,260 రూపాయలు, మందుపూత గలదానికిని కరగుదానికిని 29,600 రూపాయలు పరమావధిగా నిర్ణయింపబడెను.

ఈ తీరమున పూతకు పనికివచ్చు పదార్థ మొకటి రాసులుగా పడియుండును. అది రొయ్యపెంకు. 1990 తరువాత చెఱువులసాగు ఇచ్చట విస్తరిల్లినది. తెల్లమచ్చ తెగులును, 1996 నాటి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పును, 2009 తరువాత వచ్చిన వన్నామీ రొయ్యయు దాని చరిత్రలో ముఖ్యఘట్టములు. పెంకును ఆమ్లముతో కడిగి సున్నపుపాలును, క్షారముతో మాంసకృత్తులను తీసివేసినచో కైటిను మిగులును. దానిని గాఢమైన కాస్టిక్ సోడాలో మరిగించినచో కైటోసాను వచ్చును. పలుచని ఆమ్లమున కరగి, ఆఱినపుడు సన్ననిపొరగా నేర్పడు గుణము దానికి గలదు. మెగ్నీషియముపై పూతగా దానిని పలువురు పరీక్షించియున్నారు.

ఇచ్చట తొందర కూడదు. కైటోసాను నెత్తురును గడ్డకట్టించును; గాయపు కట్లకు దానిని వాడుట యందులకే. గాయమున మేలైన గుణము ధమనిలో ప్రాణాంతకము. కావుననే పరిశోధకులు దానితో గడ్డను వారించు హెపారినును పొరలు పొరలుగా కూర్చి చూచుచున్నారు. చేతికి దొరకినదనియు, చౌకయనియు దేనినైనను గుండెలో నుంచుట సాహసమే గాని సంస్కారము గాదు; అబ్సార్బ్ కథ యిందులకు సాక్షి.

నెల్లూరున 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము వెలసినది. పెంకులు పుట్టు తీరమును, వాని గుణము నెఱుగవలసిన విద్యాలయమును ఒకేచోట నున్నవి. పెంకును శుద్ధిచేయు విధమును, ఉప్పునీటిలో లోహము తినిపోవు వేగమును కొలుచుట విద్యార్థులకు అందని పని గాదు. వెంటనే స్టెంటు పుట్టవలెనని మేము కోరుట లేదు. గుండెనొప్పితో అప్పుచేసి పట్టణమునకు పోవు బెస్తవాని దేహములో నుంచు వస్తువును గూర్చిన యెఱుక, అతని యూరి చదువులోను కొంత యుండవలెనని మాత్రమే మా కోరిక.