క్లిప్ లేని క్లిప్పు

భోగాపురం దగ్గర జాతీయ రహదారి 16 మీద సైకిల్ ఆపి, మడమ బయటికి తిప్పి ‘టక్’మని బూటు ఊడదీసుకునే వాళ్లు తమ పెడల్‌ను ‘క్లిప్‌లెస్’ అంటారు. అంటే క్లిప్ లేనిదని. మరి ఆ టక్కు ఎక్కడిది?

లేనిది పాత క్లిప్పు. ఒకప్పుడు పందెం సైకిళ్ల పెడల్‌కు ముందువైపు ఇనుప పంజరం, దానికో తోలుపట్టీ ఉండేవి. గుర్రానికి రికాబులాంటిదే. దాని పేరు టో క్లిప్. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన లుక్ కంపెనీ, మంచు మీద జారే స్కీ బూట్ల బిగింపును పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ సైక్లిస్టు బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలిచాడు. పంజరం పోయింది, పేరులో దాని జ్ఞాపకం మిగిలింది. పెడల్ అన్న మాట కూడా లాటిన్‌లో పాదాన్ని సూచించే మాట నుంచి వచ్చిందే. మన ‘పాదా’నికి దూరపు చుట్టం.

పెడల్ ఎంచుకోవడానికి పేరు పనికిరాదు, దిగి నడవాలా వద్దా అన్నదే చూడాలి. హైవే మీద గంటల తరబడి తొక్కేవారికి బూటు అడుగున మూడు మరలతో బిగించి పెడల్‌కు తగిలించే వెడల్పు ముక్క, అంటే క్లీటు, హాయి. కానీ దానితో టీ కొట్టు దాకా నడిస్తే బాతు నడకే! సముద్రతీరంలోని ముక్కాం వైపు ఇసుకదారి పట్టేవారికీ, కంకరదారి, కొండబాట వారికీ రెండు మరల క్లీటు మేలు. షిమానో 1990లో తెచ్చిన ఎస్‌పీడీ ఆ రకమే. ఆ క్లీటు బూటు అడుగులోకి ఒదిగి ఉంటుంది, నడక మామూలే. బురద ఎక్కువైతే నాలుగువైపుల నుంచీ క్లీటు తగిలించగల పెడల్ ఇంకా నయం. కొత్తవారు బిగింపు మర వదులు చేసుకునే బయల్దేరాలి.