గోదావరి యిరుగట్టుల సంఘముల చట్టము



భద్రాచలమున రామునకు గుడి కట్టించిన కంచెర్ల గోపన్న కథ మీకు క్రొత్తది కాదు. పాల్వంచ తహసీలుదారుగా నుండి సర్కారు పైకమును గుడికి వెచ్చించెనని ఆయనను గోలకొండలో చెఱబెట్టిరి. ఆయన భక్తిని శంకించువారు లేరు. అయినను ధర్మకార్యమునకు వెచ్చించిన ధనమునకును లెక్క చెప్పవలసి యుండునని ఆ కథ తెలుపుచున్నది. లాభాపేక్ష లేక జనులు పెట్టుకొను సంఘములకు సర్కారు లెక్క యడుగుట మన సీమలో నెట్లు మొదలయ్యెనో నేడు మనవి చేసెదను.

1860వ సంవత్సరము మనకు రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేట ఆంగ్ల ప్రభుత్వము సంఘముల రిజిస్ట్రేషను చట్టమును జేసెను. ఆ యేటనే నిజాము గోదావరి యెడమగట్టు సీమను ఆంగ్లేయుల కిచ్చెను. భద్రాచలము కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో జేరెను. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మము నిజాము రాజ్యముననే నిలిచెను.

ఆ చట్టము సారమిది. విద్యకో, సాహిత్యమునకో, ధర్మకార్యమునకో ఏడుగురు కూడి, తమ యుద్దేశములు వ్రాసి, సంతకములు చేసి రిజిస్ట్రారునొద్ద దాఖలు చేయవలెను. ఏటేట కార్యవర్గపు పట్టిక పంపవలెను. ఆ కాగితములను ఒక రూపాయి చెల్లించి యెవ్వరైనను జూడవచ్చును. సంఘము రద్దయినచో, అప్పులు తీరగా మిగిలిన సొమ్మును సభ్యులు పంచుకొనరాదు.

కుడిగట్టున త్రోవ వేఱు. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అచ్చటి ప్రజలను బాధించెను. ఆ నిర్బంధముల నడుమనే గ్రంథాలయములు వెలసెను. ఆంధ్ర మహాసభ 1934లోను, 1945లోను ఖమ్మమున సమావేశమయ్యెను. సంఘముల రిజిస్ట్రేషను చట్టము అచ్చటికి 1350 ఫసలీలో, అనగా 1940-41లో వచ్చెను. ఎనుబదేండ్ల యంతరము! అనుమతి వేఱు, నమోదు వేఱు. అనుమతి "ఏమి మాటలాడెదవు?" అని యడుగును. నమోదు "నలుగురి సొమ్ము నేమి చేసితివి?" అని యడుగును. మొదటిది భయమునుండి పుట్టినది, రెండవది న్యాయము.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో గలిసెను గాని చట్టములు కలియలేదు. 2001లో వచ్చిన 35వ చట్టము రెండింటిని రద్దుచేసి యొక్కటి గావించెను. సంఘపు తగవులు జిల్లా న్యాయస్థానమునకు బోవుటకు త్రోవ చూపెను. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదపను ఇచ్చట నదియే నడచుచున్నది.

ఇక నా యనుభవమొకటి. నా యౌవనమున అడవి యంచున నొక గ్రామములో చందాలెత్తి పఠనమందిరము పెట్టితిమి. స్థలమును ఒక పెద్దమనిషి పేర గొంటిమి. "పట్నము తిరుగువారెవరు?" అని రిజిస్ట్రేషను మానితిమి. ఆయన గతించిన పిమ్మట వారసులు ఆ స్థలము తమదనిరి. వ్యాజ్యము వేయుటకు మా సంఘమునకు చట్టములో పేరే లేదు. పుస్తకములు నా బడి పెట్టెలోనికి వచ్చినవి. కోశాధికారిని నేనే. పెద్దవానిని కాగిత మడుగుట మర్యాద గాదని సంకోచించితిని. ఆ సంకోచమే మందిరమును మ్రింగెను.

కావున పెద్దలారా, సంఘమునకు చందా యిచ్చునపుడు రసీదు అడుగుడు. ఏటికొకమారు లెక్కలు సభలో చదివింపుడు. రిజిస్ట్రారు ముద్ర సంఘము పుట్టెనని మాత్రమే చెప్పును. అది బ్రదికియున్నదని చెప్పవలసినది మీ యెదుట చదివిన లెక్క.