పంతులమ్మ వెనక నూరేళ్ల చరిత్ర

చిన్న ఊళ్లో ఒక పాతకాలపు పంతులమ్మ కన్నుమూస్తే ఊరు ఆమెను తలుచుకునే తీరు ఒకటుంది. బడి గేటుకు ఫ్లెక్సీ కడతారు, పూర్వ విద్యార్థులు సంతాపసభ పెడతారు. ఫీజు కట్టలేని పిల్లవాడి కోసం ఆమె తన జీతంలోంచి తీసిన డబ్బు, సాయంత్రాలు గ్రౌండులో ఆడపిల్లల చేత ఆడించిన ఖోఖో, రిటైరయ్యాక వీధి పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి మామ్మగా చెప్పిన ఎక్కాలు అన్నీ మాటల్లోకి వస్తాయి. ఎవరు మాట్లాడినా చివరికి చేరేది ఒక్కచోటికే: ఆమెది అమ్మ మనసు, ఆ ప్రేమ ఆమెకు పుట్టుకతోనే వచ్చింది అంటారు. అందులో అబద్ధం లేదు గానీ నిజం సగమే ఉంది. ప్రేమించే మనసు పుట్టుకతో రావచ్చు. ఆ మనసున్న మనిషి గడప దాటి బడిలోకి రావడం, నల్లబల్ల ముందు నిలబడడం, ముప్ఫై ఏళ్లపాటు ఒక ఊరి పిల్లలకు చదువు చెప్పడం మాత్రం పుట్టుకతో సమకూరేవి కావు. శరణాలయాలు, ట్రెయినింగ్ స్కూళ్లు, స్టైపెండ్లు, ఒకటో తారీకు జీతం, ప్రభుత్వ ఉత్తర్వులు కలిసి నూరేళ్లకు పైగా పనిచేస్తేనే మన పంతులమ్మ తయారైంది. ఆమెను తలుచుకోవడమంటే ఆ చరిత్రను కూడా తలుచుకోవడమే.

ఆ చరిత్రకు ముందు పరిస్థితి ఎలా ఉండేదో లెక్కలే చెబుతాయి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాకెన్ని బడులు, ఎందరు చదువుతున్నారు అని కలెక్టర్లను అడిగాడు. 1826 నాటికి తేలినదాన్ని బట్టి ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లలు 4,540 మంది, అంటే నూటికి ముగ్గురు కూడా లేరు. ఆదోని, రాయదుర్గం ప్రాంతాలు కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లాలో 533 బడుల్లో 6,641 మంది చదువుతుంటే ఆడపిల్లలు 60 మందే. ఆడవాళ్లలో చదువు దాదాపుగా నాట్యవృత్తిలో ఉన్నవాళ్లకూ, మరికొన్ని కులాల వాళ్లకూ పరిమితమని మన్రో రాశాడు. చదువుకునే ఆడపిల్లలే లేనిచోట చదువు చెప్పే ఆడది ఎక్కడినుంచి వస్తుంది? వీధిబడి నడిచే పద్ధతి కూడా ఆమెను రానిచ్చేది కాదు. అయ్యవారికి నెల జీతం ఉండేది కాదు. పిల్లల ఇళ్లనుంచి వచ్చే గింజలు, పండగ మామూళ్లే ఆయన బతుకు. దసరాకు పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని, గిలకల బాణాలు పట్టుకుని, బుక్కా చల్లుతూ, పద్యాలు పాడుతూ అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగేవాళ్లు. ఇంటివాళ్లు అయ్యవారి చేతిలో డబ్బులు, పిల్లల చేతుల్లో పప్పుబెల్లాలు పెట్టేవాళ్లు. ఆ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి మామూళ్లు వసూలు చేసుకునే ఈ పనిని ఒక స్త్రీ చేయడం ఊహకే అందేది కాదు. అక్షరాలు నేర్చిన ఇల్లాలు ఎక్కడో ఒకరున్నా, ఆ చదువును వృత్తిగా మార్చుకునే దారి లేదు.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. అక్కడా, ఆ తరువాత తెరిచిన చాలా బడుల్లోనూ చదువు చెప్పింది మగ పండితులే. దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. పిల్ల పెద్దమనిషి కాబోతుందంటే మగవాడి ముందు కూర్చోబెట్టడానికి ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కారు. ఆడ టీచర్లు కావాలంటే ఆడపిల్లలు పైచదువులు చదవాలి. పైచదువులు చదవాలంటే ఆడ టీచర్లు ఉండాలి. పెళ్లయిన స్త్రీని ఉద్యోగానికి పంపే ఇల్లు లేదు, పెళ్లికాని యుక్తవయస్కురాలు అగ్రకులాల ఇళ్లలో ఉండేదే కాదు. మిగిలింది ఒక్కరే: బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, ఇంటి వెనక గదిలో బతుకు వెళ్లదీస్తున్న అమ్మాయి. సమాజం దేనికీ పనికిరాదని పక్కన పెట్టిన మనిషే ఆ చిక్కుముడి విప్పడానికి పనికొచ్చింది. తనూ చిన్నతనంలోనే వితంతువైన సిస్టర్ సుబ్బలక్ష్మి 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి పట్టభద్రురాలై, మరుసటి ఏడు నలుగురు బాలవితంతువులతో ఒక వసతిగృహం మొదలుపెట్టారు. విద్యాశాఖ ఆమె వెనక నిలిచింది. సముద్రతీరంలోని ఐస్ హౌస్ భవనం వాళ్ల నివాసమైంది, 1922లో మొదలైన లేడీ విల్లింగ్డన్ ట్రెయినింగ్ కాలేజీకి ఆమె ప్రిన్సిపాలయ్యారు. ఇందులో దయ ఎంత ఉందో అవసరం అంతే ఉంది. ప్రభుత్వానికి టీచర్లు కావాలి, ఈ అమ్మాయిలకు బతుకు కావాలి. ఆ రెండు అవసరాలు కలిసినచోట ఒక వృత్తి పుట్టింది.

తెలుగునాట ఇదే పనికి గుంటూరు ఒక కేంద్రమైంది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో అక్కడ శారదా నికేతనం స్థాపించారు. నిజాం రాజ్యంలో ఉర్దూయే చదువుల భాషగా ఉన్న కాలంలో, 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే పాఠశాల తెరిచారు. ఈ వరుసలో అందరికంటే స్పష్టంగా ఆలోచించిన మనిషి దుర్గాబాయి. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన పిల్ల ఆమె, పెద్దయ్యాక ఆ బంధం నుంచి బయటికి వచ్చింది. చిన్నతనంలోనే ఆడవాళ్లకు హిందీ బడి నడిపింది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది, తరువాతే మెట్రిక్ నుంచి న్యాయశాస్త్రం దాకా చదువుకుంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, బడి వయసు దాటిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయించింది. నేడు కోచింగ్ అనగానే గుర్తొచ్చే ర్యాంకుల పరుగుకూ దీనికీ పోలిక లేదు. పదిహేనేళ్ల వెనకబాటును రెండేళ్లలో పూడ్చడం ఆ చదువు లక్ష్యం. పరీక్ష గట్టెక్కితే ట్రెయినింగుకు వెళ్లవచ్చు, ట్రెయినింగు పూర్తయితే ఉద్యోగం దొరుకుతుంది. సొంత జీవితంలో తాను పడిన ఆలస్యాన్నే ఆమె ఒక పద్ధతిగా మార్చి, ఇతరులకు మెట్లు కట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ మెట్లు దేశమంతటికీ విస్తరించాయి. 1951 జనగణనలో దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిది మంది లోపే. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు దుర్గాబాయి తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు ప్రారంభించింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు రెండేళ్లు చదివి, గ్రామసేవికలుగా, నర్సులుగా, ప్రాథమిక పాఠశాల టీచర్లుగా మారేందుకు దారి దొరికింది. ఆమె అధ్యక్షతనే అప్పుడు ఏర్పడిన స్త్రీ విద్యా జాతీయ సంఘం పల్లెల్లో పనిచేసే ఆడ టీచర్లకు నివాస వసతి కావాలని గట్టిగా చెప్పింది. ఎవరూ తెలియని ఊళ్లో ఒంటరిగా కాపురం పెట్టే స్త్రీకి తలుపు గడియ ఎంత ముఖ్యమో గ్రహించిన సిఫారసు అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం వాటా ఇచ్చే నిబంధన తెచ్చింది. దానిపై కోర్టు వివాదం సాగితే 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, తరువాత ఆ వాటా మూడో వంతుకు పెరిగింది. 1987లో కేంద్రం మొదలుపెట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలనీ, వీలైనంతవరకు వారిలో ఒకరు స్త్రీ కావాలనీ నిర్దేశించింది. నేడు యాభై అరవై ఏళ్ల వయసున్నవాళ్లు ప్రేమగా తలుచుకునే సమితి స్కూలు పంతులమ్మల్లోనూ, నలభైల్లో ఉన్నవాళ్లు తలుచుకునే డీఎస్సీ టీచర్లలోనూ ఎందరో ఈ మెట్ల మీదుగానే బడిలోకి వచ్చారు.

గ్రౌండులో ఆడించిన పంతులమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆడపిల్ల ఆటకు బడి గంట తరువాత ఒక గంట కావాలి. ఆ గంట ఆమెను గ్రౌండులో ఉంచాలా వద్దా అని ఇంట్లో నిర్ణయించేది అక్కడ పెద్దమనిషి ఒకరు, సాధారణంగా ఒక స్త్రీ, ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టే. పీఈటీ పోస్టు లేని బడిలో తెలుగు టీచరో సైన్సు టీచరో ఆ భారం తలకెత్తుకుంది. కొంగు బొడ్లో దోపుకుని, విజిల్ నోట పెట్టుకుని, సున్నంతో ఖోఖో గీతలు గీయించి, చీకటి పడకముందే పిల్లలను జట్లుగా ఇళ్లకు పంపింది. ఆ గంటకు ఆమెకు జీతం లేదు. చిన్న ఊళ్లో అలాంటి ఒక్క మనిషి ఉంటే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా చూపించింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరికి బరువులెత్తడం నేర్పింది స్థానిక కోచ్ నీలంశెట్టి అప్పన్న. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన ఆమె, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ. పతకం రాని వేలమంది ఆడపిల్లలకు ఆ సాయంత్రాల గంట ఇచ్చింది వేరు: తమ ఒంటి మీద తమకు నమ్మకం.

పంతులమ్మను తయారుచేసింది సంస్థలేనన్న ఈ వాదానికి మొదటి అభ్యంతరం ఇలా రావచ్చు: సంస్థలు రాకముందు మన ఇళ్లలో ఆడవాళ్లు నేర్పలేదా? అమ్మమ్మలు కథలు, పాటలు, శతక పద్యాలు చెప్పలేదా? చెప్పారు. బడికి వెళ్లకుండానే ఇంట్లో తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో చదువుకున్న భండారు అచ్చమాంబ, మన దేశపు స్త్రీల చరిత్రలతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసేంత ఎత్తుకు ఎదిగింది. కానీ ఆమె ఏం చేసిందో కూడా చూడాలి. ఇంట్లో నేర్చినదాన్ని ఇంట్లోనే ఉంచకుండా, బందరులో స్త్రీ సమాజం పెట్టి, ఊరూరా స్త్రీలను కూడగట్టింది. అమ్మమ్మ చదువు తన మనవలకే చేరుతుంది. ఎదురింటి పేద పిల్లకు చేరాలంటే, అమ్మమ్మ కాని ఒకరు, జీతం తీసుకుని, హాజరు పట్టీ తీసి, అందరి పేర్లూ పిలవాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఈ తొలి సంస్థల్లో ఎక్కువ భాగం అగ్రకుల స్త్రీల కోసం పుట్టినవే కదా, వాటిని పొగడడం ఎందుకు? ఈ మాట నిజం. సుబ్బలక్ష్మి వసతిగృహం బ్రాహ్మణ బాలవితంతువులతోనే మొదలైంది. అందుకే చరిత్రను ఒక్క దారిగా చెప్పకూడదు. ఒంగోలు, గుంటూరు ప్రాంతాల మిషన్ బోర్డింగు స్కూళ్లలో చదువుకున్న దళిత స్త్రీలు ఊరి బయటి పేటల్లో అక్షరాలు దిద్దించారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి ఆది హిందువుల పిల్లలకు బడులు నడిపించారు. ఈ దారుల్లో వచ్చిన పంతులమ్మలకు సంతాపసభలూ సంచికలూ తక్కువ దక్కాయి. మన ప్రేమ కూడా కులం గీతల వెంట నడిచిందన్నమాట. ఈ అభ్యంతరం నా వాదాన్ని బలపరుస్తుందే తప్ప కూల్చదు. పుట్టుకతో వచ్చిన మాతృహృదయమే పంతులమ్మను చేస్తే, అన్ని కులాల నుంచీ పంతులమ్మలు ఒకేసారి వచ్చి ఉండాలి. అలా రాలేదు. ఎవరికి ఎప్పుడు హాస్టలు, స్టైపెండు, రిజర్వేషను అందాయో అప్పుడే వాళ్లు వచ్చారు.

మూడోది, అదే ట్రెయినింగు పొందిన వందమందిలో పదిమందినే ఊరు గుండెల్లో పెట్టుకుంటుంది కదా, మిగతా తొంభైమందికీ అదే జీతం వచ్చింది కదా అన్న ప్రశ్న. సంస్థ ప్రేమను పుట్టించలేదు, ఒప్పుకోవాల్సిందే. ప్రేమకు అది వ్యవధి ఇస్తుంది. అక్కను, చెల్లిని, తరువాత వాళ్ల పిల్లలను కూడా చదివించేంత కాలం ఒక ఊళ్లో ఉండగలిగితేనే ఒక టీచరు ఊరి మనిషవుతుంది. రేపు తీసేస్తారన్న భయం లేని ఉద్యోగం, చేతిలో సొంత డబ్బు ఉంటేనే ఆమె మరొకరి పరీక్ష ఫీజు కట్టగలదు. పింఛను ఉంది కాబట్టే ముసలితనంలో ఎవరిమీదా ఆధారపడకుండా వీధి పిల్లలకు ఉచితంగా ఎక్కాలు చెప్పగలిగింది. మనం కథలుగా చెప్పుకునే ఆమె ఉదారతలన్నింటి కింద ఒక సర్వీసు రిజిస్టరు ఉంది.

ఇక్కడ మరో స్త్రీని కూడా గుర్తించాలి. టీచరమ్మ తొమ్మిదింటికి బడికి వెళ్లాలంటే ఇంట్లో ఆమె పసిబిడ్డను ఎత్తుకునేవాళ్లు ఒకరుండాలి. ఎన్నో ఇళ్లలో అది ఆమె తల్లో అత్తగారో. ఆ అమ్మమ్మకు, నాయనమ్మకు ట్రెయినింగూ లేదు, జీతమూ లేదు, చాలామందికి సంతకమూ రాదు. ఆమె ఇంటి పని మోయబట్టే ఊరికి పంతులమ్మ దక్కింది. ఆ పంతులమ్మే రిటైరయ్యాక, ఉద్యోగం చేసే కూతురి కోసమో కోడలి కోసమో అదే పనికి వంగింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవల చేత అఆలు దిద్దిస్తున్న రిటైర్డ్ టీచర్లు ఎందరో ఈ వరుసలోని వాళ్లే.

కాబట్టి మన సంతాపసభలు కొంత మారాలి. ఆమె ఎంత మంచిదో చెప్పడంతో ఆగకుండా, ఎక్కడ చదివింది, ఎవరు చదివించారు, ఏ ట్రెయినింగు స్కూల్లో చేరింది, తొలి పోస్టింగు ఏ ఊరు, ఎన్నిసార్లు బదిలీ చేశారు, ఇంట్లో పిల్లలను ఎవరు పెంచారు అన్నవి అడిగి రాసిపెట్టాలి. బతికున్న పంతులమ్మలను ఇప్పుడే అడగాలి. అలా వంద ఊళ్ల నుంచి వంద జీవితాలు పోగైతే తెలుగు స్త్రీ విద్యకు ఇంతవరకు లేని చరిత్ర దొరుకుతుంది. దానితోపాటు ఇంకో బాధ్యత వస్తుంది. పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న ఆడపిల్లల హైస్కూలు, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నడిచే బాలికల హాస్టలు, ఏ ఏటికా ఏడు రెన్యువలయ్యే ఉద్యోగంలో ఉన్న యువతి కనబడినప్పుడు, అక్కడ రేపటి ప్రియమైన పంతులమ్మ ఒకరు తయారు కాకుండా పోతున్నారని గ్రహించాలి. పోయిన టీచరుకు శాలువా, దండ, చప్పట్లు చాలవు. ఆమెను ఊరికి తెచ్చిపెట్టిన ఆ ఏర్పాట్లు చెడిపోకుండా నిలబెట్టమని అడగడమే ఆమె పేరిట మనం చేయగల అసలైన పని.