చీనాదేశమునందలి పితృపూజ : ‘యూలాన్‌పెన్’ శబ్దవిచారము

చీనాదేశీయుల పితృపూజ మన శ్రాద్ధకల్పమునుండియే పుట్టినదని మన పండితులలోఁ గొందఱు నిశ్చయముగాఁ బలుకుచుందురు. బౌద్ధమతము వెంట మన యాచారము లాదేశమునకుఁ బోయినవనుట వారు చూపు హేతువు. ఈ మాట విన నింపుగా నున్నను కాలపరీక్షకు నిలువదు.

మందులవర్తకులు డ్రాగను ఎముకలని యమ్ముచు వచ్చిన పలుకలపై ప్రాచీనలిపి యున్నదని 1899లో వాంగ్ యీరోంగ్ అను విద్వాంసుఁడు గుర్తించెను. 1928 మొదలుకొని అన్యాంగ్ నగరసమీపమున జరిగిన త్రవ్వకములలో నట్టివి వేలకొలఁది బయలుపడినవి. షాంగ్ వంశపు రాజులు ప్రశ్న లడిగి, ఎద్దుల భుజాస్థులను తాఁబేటి చిప్పలను నిప్పుచేఁ గాఁచి, పుట్టిన పగుళ్లనుబట్టి యుత్తరమును గ్రహించి, పిదప నా ప్రశ్నలను వానిమీఁద వ్రాయించెడివారు. క్రీస్తుపూర్వము 1200 ప్రాంతమున నేలిన వూ దింగ్ అను రాజునకుఁ బంటినొప్పి రాఁగా, అది మృతుఁడైన తండ్రి యాగ్రహఫలమా యని యడిగిన ప్రశ్న యొకటి నేఁటికిని నిలిచియున్నది. ఆకాలమున దినములకు పదింటి కొక యావృత్తి కలదు. మృతుఁడైన రాజు పేరిలో ఆ పదిదినముల నామములలో నొకటి చేరియుండును. ఆనాఁడే యాతనికి బలి. బౌద్ధము చీనాకుఁ జేరినది క్రీస్తు తరువాతి మొదటి శతాబ్దమున. అనఁగా వేయేండ్లకుఁ బైఁబడిన పూర్వమే యచ్చట పితృపూజ సాంగముగా నడచుచుండెను. ఇఁక ఋణమను మాట యెక్కడిది?

పోలికలు లేకపోలేదు. చౌ వంశకాలపు కర్మవిధులలో ‘షి’ యను పాత్రము కలదు. ఆ శబ్దమునకు శవమనియు నర్థము. మృతుని వస్త్రములు ధరించి, అర్పించిన యన్నపానములను ఆతనికి మాఱుగా స్వీకరించువాఁడే షి. పితామహుని స్థానమున పౌత్రుఁడు కూర్చుండవలెను, పుత్రుఁడు కూడదు. వంశమునందలి తరములను ఒకటి విడిచి యొకటిగా రెండు వరుసలు చేయుదురు గావున తాతయు మనుమఁడును ఒక్క వరుసవారు. ఆదినమునఁ దండ్రి తన కుమారునకే మ్రొక్కవలసివచ్చును! మన శ్రాద్ధమునందును నిమంత్రితుఁడైన బ్రాహ్మణుఁడు పితృస్థానమున భుజించును. కాని యాతఁడు కర్తకు సగోత్రుఁడు కారాదు. అచ్చట సగోత్రుఁడే కావలెను. పోలికకంటె నీ భేదమే నాకు ముఖ్యముగాఁ దోఁచినది.

కాలక్రమమున షి యను నాచారము లోపించి దారుఫలకములు మిగిలినవి. ఝూ శీ (1130–1200) అను దార్శనికుని పేరఁ బ్రసిద్ధమైన గృహ్యవిధులలో నాలుగుతరముల ఫలకములకు వేఱొక మందిరము విధింపఁబడినది. తరము మీఱిన ఫలకమును సమాధికడఁ బూడ్చుదురు. మనకుఁ బిండభాక్కులు మువ్వురు మాత్రమే. ఫలకము వ్రాయుటలో నొక వింత కలదు. అధిష్ఠాతయను నర్థము గల ‘ఝూ’ యను నక్షరమును తొలుత నగ్రబిందువు లేకుండ వ్రాయుదురు. అప్పుడది రాజవాచకమగు నక్షరమువలె నుండును. గౌరవార్హుఁడగు విద్వాంసుఁ డొకఁడు ఎఱ్ఱసిరాతో ఆ బిందువు నుంచినప్పుడే మృతుఁడు ఫలకమున నెలకొనునని భావింతురు. సపిండీకరణముచే మనకు సిద్ధించు పితృత్వము వారి కొక్క బిందువుచే సిద్ధించుట వ్యాకరణము చదివినవానికి విస్మయము గొల్పక మానునా?

ఇఁక శబ్దవిచారము. సప్తమమాస పూర్ణిమనాఁటి యుత్సవమునకు యూలాన్‌పెన్ అని పేరు. మౌద్గల్యాయనుఁడు ప్రేతమైయున్న తల్లికి అన్నము పెట్టఁగా నది నోటఁ బడకముందే నిప్పుకలయ్యెననియు, వర్షావాసాంతమున భిక్షుసంఘమునకు భోజనద్రవ్యము లర్పించుటచే నామెకు విముక్తి కలిగెననియు దాని మూలకథ. ఏడవ శతాబ్దినాఁటి శ్వాన్‌యింగ్ అను భిక్షువు ఈ పేరు సంస్కృతశబ్దమునకు వికారమనియు, తలక్రిందుగా వ్రేలాడుట యర్థమనియుఁ దెలిపెను. దానినిబట్టి యాధునికులు ఉల్లంబన, అవలంబన రూపములను గల్పించిరి. నన్నయ యాదిపర్వము చదివినవారికి జరత్కారుని పితరులు తలక్రిందుగా వ్రేలాడిన ఘట్టము వెంటనే జ్ఞప్తికి వచ్చును. ఆ కథను చిరకాలము విద్యార్థులకుఁ జెప్పిన నాకును మొదట నీపక్షమే రుచించినది.

కాని పరీక్షింపఁగా చిక్కులు కానవచ్చినవి. ఉత్ ఉపసర్గముతో లంబధాతువునకు ల్యుట్టు చేరి, తకారమునకుఁ బరసవర్ణముచే లకారము రాఁగా ఉల్లంబనమగుట సాధువే. అయినను ఉత్తునకు ఊర్ధ్వమని యర్థము గాన, పైకి వ్రేలఁగట్టుట యగునే కాని తలక్రిందగుట సూటిగా రాదు. కథలోని తల్లి యాఁకలిగొన్నదే కాని యెక్కడను వ్రేలాడలేదు. మీఁదుమిక్కిలి ‘పెన్’ అనఁగా చీనాభాషలో పళ్లెము. పళ్లెములలో భోజనము పెట్టుటయే యచ్చటి విధి. జపాను పండితుఁడు సెయిషి కరాషిమ 2013లో ‘యూలాన్’ అనునది ఓదనశబ్దమునకుఁ బ్రాకృతరూపమగు ‘ఓలన’ యనియు, సమస్తపదమునకు అన్నపాత్ర యని యర్థమనియుఁ బ్రతిపాదించెను. దోహదము దోహలమగుట మన మెఱిఁగినదే గాన దకారమునకు లకారము వచ్చుట యపూర్వము గాదు. నేను నా పూర్వపక్షమును విడిచితిని.

అయినచో భారతదేశ మిచ్చిన దేమి? తలగొఱిగించుకొని సంతానము లేక తిరుగు భిక్షువు పితృద్రోహి యని చీనాపండితులు నిందించుచుండిరి. తల్లి నుద్ధరించిన సన్న్యాసి కథ యా నిందకుఁ బ్రత్యుత్తరము. పూజ వారిది, మన దేశమునుండి పోయినది ఆ సమాధానమే.

ఈ పూజ దేవతారాధనమా, స్మరణమాత్రమా యను సంశయము క్రీస్తుపూర్వము మూఁడవ శతాబ్దిలోనే షున్‌జి యెత్తెను. సజ్జనులకిది మానవధర్మము, పామరులకుఁ బ్రేతసేవ యని యాతని నిర్ణయము. 1610లో పెకింగున మృతుఁడైన మత్తెయో రిచ్చి యను క్రైస్తవాచార్యుఁడు స్మరణపక్షమునే యవలంబించెను. పోపు పదునొకండవ క్లెమెంటు 1715లో దానిని నిషేధింపఁగా, కాంగ్‌షీ చక్రవర్తి కుపితుఁడై 1721లో క్రైస్తవబోధమునే నిషేధించెను. రోము తన నిషేధమును సడలించినది 1939లో. సమాధులకడఁ గాగితపు నాణెములు కాల్చు చింగ్‌మింగ్ పర్వము మాత్రము 2008 నుండి చీనా ప్రజాప్రభుత్వమునకు సెలవుదినమైనది.