హేగ్ ఒప్పందం - మన పిల్లలు

అమెరికాలో ఉంటున్న మన దంపతుల్లో ఒకరు, రెండోవారికి చెప్పకుండా పిల్లవాడిని తీసుకుని హైదరాబాదు విమానం ఎక్కేస్తే ఏమవుతుంది? సెలవులకని వెళ్ళి అక్కడే ఉండిపోయినా వచ్చే ప్రశ్న ఇదే.

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 54 అధికరణాలున్నాయి. పిల్లలను అక్రమంగా విదేశాలకు తరలించడాన్ని అరికట్టాలనీ, అందుకోసం దేశాలు ఒప్పందాలు చేసుకోవాలనీ 11వ అధికరణం చెబుతుంది. భారతదేశం ఇందులో 1992లో చేరింది. అమెరికా 1995లో సంతకమైతే చేసింది కానీ ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

అలాంటి ఒప్పందాల్లో ముఖ్యమైనది అంతకు ముందే, 1980లో హేగ్‌లో కుదిరింది. ఇప్పుడు అందులో 100కు పైగా దేశాలున్నాయి. అమెరికాలో ఇది 1988 నుంచి అమలులో ఉంది. పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో ఈ ఒప్పందం తేల్చదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ సంగతి ఏ దేశపు కోర్టు తేల్చాలన్నదే దీని విషయం: పిల్లవాడు అప్పటిదాకా మామూలుగా నివసిస్తున్న దేశపు కోర్టు. 16 ఏళ్ళ లోపు పిల్లలకే వర్తిస్తుంది. ఆరు వారాల్లో నిర్ణయం రావాలన్నది లక్ష్యం. ఏడాది దాటాక దరఖాస్తు చేస్తే, పిల్లవాడు కొత్తచోట స్థిరపడ్డాడని తేలినప్పుడు వెనక్కి పంపడానికి కోర్టు నిరాకరించవచ్చు. వెనక్కి పంపితే తీవ్రమైన ప్రమాదం ఉందని రుజువైనా అంతే.

భారతదేశం ఇందులో లేదు. చేరమని లా కమిషన్ 2009లోనే సిఫార్సు చేసింది. 2018లో జస్టిస్ రాజేష్ బిందల్ కమిటీ మాత్రం వేరే దారి సూచించింది: ఇలాంటి తగాదాల కోసం దేశంలోనే ఒక ప్రత్యేక సంస్థ. చేరవద్దనేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. భర్త వీసా మీద వచ్చి, హింస భరించలేక పుట్టింటికి చేరిన తల్లి, విడాకులతో ఆ వీసా కూడా పోయాక అమెరికా కోర్టుకు ఎలా వస్తుంది? కానీ బిడ్డ మొహం చూడటానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసే తండ్రికి, లేదా తల్లికి, ఈ వాదన ఏ ఊరటా ఇవ్వదు.

ప్రస్తుతానికి మిగిలిన దారి, ఇండియాలో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను. విదేశీ కోర్టు ఉత్తర్వు పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేననీ, పిల్లల సంక్షేమమే ప్రధానమనీ 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే అమెరికా కోర్టు కస్టడీ ఉత్తర్వు చేతిలో ఉన్నంత మాత్రాన పని జరగదు.

అందుకే ముందుజాగ్రత్త ముఖ్యం. అమెరికాలో 16 ఏళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టుకు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి అంగీకారమూ కావాలి. విదేశాంగ శాఖలో పిల్లల పేరు నమోదు చేయించుకుంటే, ఎవరైనా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసినప్పుడు మీకు కబురు వస్తుంది. అయితే ఇప్పటికే పాస్‌పోర్టూ, ఓసీఐ కార్డూ ఉన్న పిల్లల ప్రయాణాన్ని ఇది ఆపలేదు. అక్కడ పనికొచ్చేది ప్రయాణంపై షరతులు పెడుతూ కోర్టు ఇచ్చే ఉత్తర్వే.

ఇలా పిల్లలను తీసుకెళ్ళడం 1993 నుంచి అమెరికాలో ఫెడరల్ నేరం, మూడేళ్ళ వరకూ జైలు. కేసు పెట్టేముందు వకీలుతో మాట్లాడండి. అరెస్టు వారంటు ఉందని తెలిస్తే అవతలివారు పిల్లలతో తిరిగి రావడానికి ఇంకా వెనుకాడవచ్చు.