పాత పుస్తకపు వాసన

పాత పుస్తకము తెరచినంతనే కొందరికి తుమ్ములు వచ్చును. మరికొందరు పుటల నడుమ ముక్కు ఆనించి హాయిగా గాలి పీల్చుదురు. 1985లో జపానులో ఒక పాఠకురాలు, పుస్తకముల దుకాణమున అడుగిడినప్పుడెల్ల తనకు మరుగుదొడ్డికి పోవలెననిపించుచున్నదని ఒక పత్రికకు వ్రాసినది. తమకును అంతేయని పలువురు బదులు వ్రాసిరి. కాగితపు వాసనయే కారణమని కొందరనిరి గాని, అది నేటికిని తేలలేదు. తుమ్ముల సంగతి సులభము. అవి దుమ్ము, బూజుల పని.

వాసన మాత్రము కాగితము పుట్టుకలోనే ఉన్నది. దాని వెంట పోయినచో ఉత్తర తెలంగాణమున రెండు ఊళ్లు తగులును.

ఒకటి కోరుట్ల. 1905 వరకు ఎలగందల అని పిలువబడిన నాటి కరీంనగరు జిల్లాలో అది చేతికాగితమునకు పేరుపొందిన ఊరు. ఆ కాగితముపై పట్వారీలు గ్రామలెక్కలు వ్రాయుచుండిరి. మన దేశమున చేతికాగితమునకు సాధారణముగా చింకిగుడ్డలు, పాత జనుపత్రాళ్లు ముడిసరుకు. వానిని సున్నపునీట నానవేసి, దంచి, కడిగి, ఆ గుజ్జును నీటితొట్టినుండి సన్నని తడకతో పొరగా ఎత్తి ఆరవేయుదురు. పిదప గంజి పూసి నున్నని రాతితో రుద్దుదురు. (ఆ గంజియే పురుగులకు విందు!) నార మేలైనది, సున్నము అందు మిగిలియుండును, కనుక అట్టి కాగితము త్వరగా పెళుసుబారదు.

రెండవది కాగజ్‌నగరు. 1938లో నిజాము ఏలుబడిలో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడి, 1942లో ఉత్పత్తి మొదలిడినది. కొత్తపేట అను పల్లె కాగితము పేరుతో పట్టణమైనది. ఆదిలాబాదు అడవుల వెదురు నాడు దానికి ఆధారముగా ఉండెను. వెదురునందును కలపయందును నారలను అంటిపట్టుకొనియుండు లిగ్నిన్ అను పదార్థము కలదు. మిల్లులలో క్షారద్రవమున ఉడికించి దానిని తీసివేయుదురు. చౌకరకపు కాగితమున, ముఖ్యముగా వార్తాపత్రికల కాగితమున, అది చాలవరకు మిగిలిపోవును. కాలక్రమమున అది విరిగి, కాగితము పసుపుబారి, వెనిలిన్ వెలువడును. ఐస్‌క్రీము తియ్యని వాసనయు ఈ వెనిలిన్‌దే! నార చెడినప్పుడు పుల్లని ఆమ్లపు ఆవిరియు వచ్చును. 2009లో లండను విశ్వవిద్యాలయ కళాశాల శాస్త్రజ్ఞులు ఇట్టి ఆవిరులను కొలిచి, వానిని బట్టి కాగితపు స్థితిని ఎరుగవచ్చునని చూపిరి.

అనగా మనము మురియు ఆ పరిమళము పుస్తకము క్షీణించుచున్నదనుటకు గురుతు. ఈ సంగతి ఎరిగిన పిదప ఆ వాసన మాకు మునుపటివలె తోచుట లేదు.

సిర్పూరు మిల్లు 2014లో ఆగి, 2018లో జె.కె. పేపరు సంస్థ చేతికి వచ్చినది. పట్వారీ పదవులు 1984లో రద్దయినవి. పాత ఇండ్ల అటకలపై ఆనాటి లెక్కల కట్టలు ఎవరికైన మిగిలియున్నచో, వానలు వెలసిన పిదప ఒకమారు విప్పి వాసన చూడవచ్చును. చెమ్మవాసన అయినచో నీడపట్టున గాలి తగులనిచ్చినచో చాలును. పుల్లని వాసన అయినచో చెడిన నార తిరిగి రాదు. ఆ అక్షరములను వెంటనే నకలు తీయించుకొనవలెను.