గలీనా రాయి, తీగచుట్ట: క్రిస్టల్ సెట్ నేర్పిన తొలి పాఠం

ఎలక్ట్రానిక్స్‌ను ఇంట్లోనే చేతిపనిగా నేర్చుకొనే అలవాటు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రేడియోతోపాటే పుట్టింది. ఆ విద్యకు చాలాకాలం అక్షరాభ్యాసంగా నిలిచింది స్ఫటిక రేడియో, వ్యవహారంలో క్రిస్టల్ సెట్. బ్యాటరీ గాని, ఇంటి కరెంటు గాని అక్కరలేని ఈ పరికరం, ప్రసార కేంద్రం నుంచి ఏరియల్ తీగకు చేరిన అతిస్వల్ప శక్తితోనే హెడ్‌ఫోన్‌ను పలికిస్తుంది. ఏరియల్, ఎర్త్ తీగలను మినహాయిస్తే అందులో ముఖ్యమైన భాగాలు నాలుగే: తీగచుట్ట, కెపాసిటర్, డిటెక్టర్, హెడ్‌ఫోన్. ఏ భాగాన్ని తప్పిస్తే ఏ పని ఆగిపోతుందో నేర్చుకొనేవారు తమ చేతులతోనే తేల్చుకోగలిగేవారు. తరువాత వచ్చిన విద్యుత్ వలయాలు ఎంత శక్తిమంతమైనవైనా ఇంత తేటగా తమ లోగుట్టును విప్పిచెప్పలేదు.

ఈ నాలుగింటిలో పెద్ద చరిత్ర ఉన్నది, తరంగంలోని ధ్వనిని వెలికితీసే డిటెక్టర్‌కే. కొన్ని లోహ సల్ఫైడ్ స్ఫటికాలలో విద్యుత్తు ఒక దిశలో సులువుగాను, ఎదురు దిశలో కష్టంగాను ప్రవహిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లోనే గమనించాడు గాని, అప్పటికి రేడియో లేకపోవడంవల్ల ఆ గుణం వింతగానే మిగిలిపోయింది. దానిని విద్యుత్ తరంగాల శోధనకు వినియోగించినవారిలో అగ్రగణ్యుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు జగదీశ్ చంద్ర బోస్. సీసమూ గంధకమూ కలిసి ఏర్పడిన గలీనా అనే మెరిసే ఖనిజంతో తరంగాలను పసిగట్టే పరికరానికి ఆయన 1901లో అమెరికాలో పేటెంటు కోరగా, అది 1904లో మంజూరైంది. గలీనాలాగా, లోహాలంత ధారాళంగా కాకుండా, గాజులా పూర్తిగా నిరోధించకుండా, మధ్యస్థంగా విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థాలను అర్ధవాహకాలు అంటారు. నేటి చిప్‌ల దాకా సాగిన అర్ధవాహక విద్యకు బోస్ పేటెంటు తొలి మైలురాళ్లలో ఒకటి. తెలుగువారికి గలీనా రాయి పరాయిదేమీ కాదు, పల్నాడులోని బండ్లమోట్టు గనిలో సీసం కోసం తవ్వి తీసినది ఆ ఖనిజాన్నే. 1906లో అమెరికన్ ఇంజనీరు గ్రీన్‌లీఫ్ పికార్డ్ సిలికాన్ డిటెక్టర్‌కు పేటెంటు పొందాడు. స్ఫటికం మీద సరైన చోటు దొరికేదాకా ఓపికగా జరుపుతూ ఆనించే సన్నని తీగకు పాశ్చాత్య దేశాల్లో ‘పిల్లి మీసం’ అనే పేరు స్థిరపడింది.

స్ఫటికం అవసరమేమిటో తెలియాలంటే తరంగం తీరు తెలియాలి. మీడియం వేవ్ ప్రసారం ఏరియల్‌లో సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకొనే విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. మాటా పాటా ఆ తరంగపు ఎత్తులోని హెచ్చుతగ్గులుగా ఒదిగి ఉంటాయి. ఆ ప్రవాహాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌కు ఇస్తే, ముందుకు తోసే ప్రతి అర్ధభాగాన్నీ వెనక్కి లాగే మరో అర్ధభాగం రద్దుచేయడంవల్ల లోపలి పలుచని రేకు కదలదు. స్ఫటికం ఒక అర్ధాన్ని అడ్డగించగానే మిగిలిన తోపులన్నీ ఒకే వైపు కూడి, తరంగపు ఎత్తును అనుసరించి రేకును కదిలిస్తాయి, ఆ కదలికే ధ్వనిగా వినిపిస్తుంది. ఇక తీగచుట్టా కెపాసిటరూ కలిసి, ఉయ్యాల తన ఊపుకు సరిపడే తోపుకే ఎత్తుకు లేచినట్లు, అనేక ప్రసారాల్లో ఒక్కదానికే గట్టిగా స్పందిస్తాయి. దీనినే అనునాదం అంటారు.

1920 నవంబరులో పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ కేంద్రం, 1922 నవంబరులో లండన్‌లో బీబీసీ ప్రసారాలు మొదలుపెట్టడంతో ఈ చేతిపని ఇంటింటికీ పాకింది. అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ 1922లో ఇంట్లో చేసుకోదగిన రేడియో గురించి ఒక చిన్న పుస్తకాన్నే ప్రచురించింది. వాల్వులనే గాజుగొట్టాలతో పనిచేసే రేడియో సెట్ల ధర అందుకోలేని కుటుంబాల పిల్లలు ఓట్స్ అట్టడబ్బాలకు రాగి తీగ చుట్టి విద్యుత్ శాస్త్రం నేర్చుకొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే విద్య ఆపద్ధర్మమైంది. 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో సైనికులు గలీనాకు బదులు క్షౌరపు బ్లేడును, పిల్లి మీసానికి బదులు పెన్సిలు ములుకును వాడి వార్తలు విన్నారు. జర్మన్ సేనలు రేడియోలను జప్తు చేసిన నెదర్లాండ్స్‌లో ప్రజలు రహస్యంగా క్రిస్టల్ సెట్లు కట్టుకొన్నారు.

దక్షిణ భారతంలో ప్రసారాలకు నాంది పలికినది కూడా ఔత్సాహికులే. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924లో ప్రసారాలు ప్రారంభించింది, నిధులు చాలక 1927లో మూతపడింది. 1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో, 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాయి. 1933 నాటి చట్టం ప్రకారం రేడియో కలిగి ఉండడానికే లైసెన్సు కావలసి ఉండేది, ఆ నిబంధన 1980ల దాకా కొనసాగింది.

ఈలోగా గలీనా రాయి స్థానాన్ని గాజుగొట్టంలో అమర్చిన జర్మేనియం డయోడ్ ఆక్రమించింది. మన మార్కెట్లో ఓఏ79 వంటి డయోడ్లు దొరికేవి. వాటి బదులు సిలికాన్ డయోడ్ పెట్టిన కొత్తవారికి సెట్ ఎందుకు మూగబోయిందో చాలాసార్లు అంతుపట్టదు. జర్మేనియం సుమారు 0.2 వోల్టులకే ప్రవాహానికి దారి ఇస్తే, సిలికాన్‌కు దాదాపు 0.6 వోల్టులు కావాలి, ఏరియల్ నుంచి వచ్చే సంకేతం చాలాచోట్ల అంతకు చేరదు. అలాగే 200 మైక్రోహెన్రీల తీగచుట్టకు గ్యాంగ్ కండెన్సర్‌ను, అంటే ఇరుసు తిప్పి విలువ మార్చే కెపాసిటర్‌ను జతచేసి 180 పికోఫారడ్‌ల దగ్గర నిలిపితే విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్, 233 దగ్గర నిలిపితే హైదరాబాదు కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ అనునాదంలోకి వస్తాయి. పుస్తకంలోని సూత్రం వేలి తిప్పుడులో రుజువయ్యే ఇటువంటి పాఠం ఇంత తక్కువ ఖర్చులో మరొకటి దొరకడం అరుదు.

ఆకాశవాణి మీడియం వేవ్‌లో డీఆర్‌ఎం అనే డిజిటల్ పద్ధతిని ప్రవేశపెట్టాక పరిస్థితి మారింది. అందులో ధ్వని తరంగపు ఎత్తులో ఒదిగి ఉండక అంకెల సంకేతంగా మారిపోతుంది. డయోడ్ ఎప్పటిలాగే ఒక అర్ధాన్ని అడ్డగిస్తుంది, రేకు కదులుతుంది, హెడ్‌ఫోన్‌లో మాత్రం మాట ఉండదు, ఎడతెగని సరసర చప్పుడే వినిపిస్తుంది.